మెక్సికోలో ఏ ఇంటర్నెట్ మంచిది? జవాబు వీధికో రకంగా ఎందుకు ఉంటుంది?

మెక్సికోలో కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళు నీళ్ళ సంగతి, కరెంటు సంగతి కనుక్కున్నాక అడిగేది ఇంటర్నెట్ గురించే. ఈ ఏరియాలో ఏ కంపెనీ బాగుంటుంది? టెల్మెక్స్, ఇజ్జీ, టోటల్‌ప్లే, మెగాకేబుల్ అని నాలుగు పేర్లు వినిపిస్తాయి. ప్రతి పేరునీ మెచ్చుకునేవాళ్ళున్నారు, తిట్టేవాళ్ళున్నారు. ఎవరూ అబద్ధం చెప్పరు. ఒకే నగరంలో ఒకే కంపెనీ ఒక కాలనీలో నిప్పులా పనిచేస్తుంది, పక్క కాలనీలో సాయంత్రమయ్యేసరికి చతికిలబడుతుంది. గ్వాదలహారా, మోంటెర్రే నగరాల్లో భారతీయ ఐటీ కంపెనీల ఆఫీసులున్నాయి కాబట్టి, ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళకీ ఈ గందరగోళం తప్పదు.

ఈ తేడాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలంటే, ఏ వీధిలోకి ఏ తీగ ఎప్పుడు వచ్చిందో చూడాలి. ఆ కథ ఇంటర్నెట్ కంటే చాలా పాతది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మెక్సికో సిటీలో రెండు టెలిఫోన్ కంపెనీలు ఉండేవి. ఒకటి స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్‌ది, రెండోది అమెరికాకు చెందిన ఐటీటీ చేతిలోనిది. ఒకదాని ఫోన్ నుంచి రెండోదానికి కాల్ వెళ్ళేది కాదు. వ్యాపారం చేసుకునేవాళ్ళు రెండు కనెక్షన్లూ పెట్టుకుని, బల్ల మీద రెండు ఫోన్లు ఉంచుకోవాల్సి వచ్చేది. 1947లో ఎరిక్సన్ ఆస్తుల మీద టెల్మెక్స్ ఏర్పడింది. 1950లో ఐటీటీ వాటానూ కలుపుకుంది. దేశం మొత్తానికీ దాదాపు ఒకే టెలిఫోన్ కంపెనీ మిగిలింది. 1972లో ప్రభుత్వం 51 శాతం వాటా తీసుకుంది.

అన్నీ ఒకే చోట ఉంటే ఏమవుతుందో 1985 సెప్టెంబర్ 19 భూకంపం చూపించింది. మెక్సికో సిటీ నడిబొడ్డున విక్టోరియా వీధిలో ఉన్న ఎక్స్ఛేంజ్ దెబ్బతినడంతో రాజధానికి దూరప్రాంతాలతోనూ, విదేశాలతోనూ సంబంధాలు తెగిపోయాయి. తమవాళ్ళు బతికున్నారో లేదో తెలుసుకునే దారి లేక లక్షలమంది అల్లాడారు. ఆ తర్వాతే దూరప్రాంత కాల్స్ వ్యవస్థని ఒకే భవనంలో కాకుండా పలుచోట్లకి విస్తరించే పని మొదలైంది. వేగం కంటే ముందు నిలకడ చూడాలన్న సంగతి మెక్సికో అంత బాధతో నేర్చుకుంది. నలభై ఏళ్ళ తర్వాత కూడా కంపెనీల ప్రకటనల్లో మాత్రం వేగమే పెద్దక్షరాల్లో ఉంటోంది.

1990లో అధ్యక్షుడు కార్లోస్ సాలినాస్ దె గోర్తారి హయాంలో టెల్మెక్స్‌ని అమ్మేశారు. కార్లోస్ స్లిమ్‌కు చెందిన గ్రూపో కార్సో, ఫ్రాన్స్ టెలికామ్, అమెరికాలోని సౌత్‌వెస్టర్న్ బెల్ కలిసి కొన్నాయి. అప్పటికి దేశంలో వందమందికి ఆరేడు లైన్లే ఉండేవి. కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం మామూలే. ప్రైవేటు చేతిలోకి వచ్చాక లైన్లు పెరిగిన మాట నిజం. కానీ ఆ ఒప్పందంలో రెండు షరతులు తర్వాతి ముప్పై ఏళ్ళని శాసించాయి. దూరప్రాంత కాల్స్‌లో కొన్నేళ్ళపాటు పోటీ ఉండదన్నది మొదటిది. 1997లో గానీ ఆ రంగం తెరుచుకోలేదు. రెండోది, టెల్మెక్స్ టీవీ ప్రసారాల జోలికి వెళ్ళకూడదన్నది. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ రెండో షరతు వల్లే, కేబుల్ టీవీ కంపెనీలకు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ కలిపి ఒకే బిల్లు మీద అమ్మే అవకాశం మిగిలింది. టెల్మెక్స్‌కి ఆ దారి మూసుకుపోయింది.

ఇంటర్నెట్ మెక్సికోలోకి 1989లో వచ్చింది. మోంటెర్రేలోని టెక్ దె మోంటెర్రే విశ్వవిద్యాలయం టెక్సస్ విశ్వవిద్యాలయపు శాన్ అంటోనియో క్యాంపస్‌తో కలిసింది. ఇళ్ళకి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. మొదట ఫోన్ లైన్ మీద డయలప్, తర్వాత 2000 దశకంలో టెల్మెక్స్ వారి ఇన్ఫినిటమ్. అది డీఎస్ఎల్, అంటే పాత రాగి టెలిఫోన్ తీగ మీదే నడిచే బ్రాడ్‌బ్యాండ్. ఆ తీగ అప్పటికే ఇళ్ళల్లో ఉంది కాబట్టి ఇన్ఫినిటమ్ ఊరూరా పాకిపోయింది.

రాగి తీగకి ఒక తీరని జబ్బుంది. ఎక్స్ఛేంజ్ నుంచి దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసపడుతుంది. ఎక్స్ఛేంజ్ పక్కింట్లో వచ్చే వేగం మూడు నాలుగు కిలోమీటర్ల అవతల రాదు. వానకి జాయింట్లు తడిస్తే లైన్ గరగరమంటుంది. పైగా రాగికి దొంగ మార్కెట్లో ధర పలుకుతుంది కాబట్టి తీగే మాయమైపోతుంది. ఒకే కంపెనీ, ఒకే ప్లాన్, ఒకే బిల్లు అయినా రెండు ఇళ్ళ అనుభవం వేరుగా ఉండటం అక్కడే మొదలైంది.

కేబుల్ కంపెనీల కథ ఇంకోలా నడిచింది. వాటికి లైసెన్సులు ఊరి లెక్కన ఇచ్చారు. 1982లో పుట్టి గ్వాదలహారా కేంద్రంగా ఎదిగిన మెగాకేబుల్ ఒకవైపు విస్తరించింది. టెలివీసా అనే టీవీ కంపెనీ చేతిలోని కేబుల్‌విజన్ మెక్సికో సిటీని పట్టుకుంది. ఆ తర్వాత టెలివీసా కేబుల్‌మాస్, కేబుల్‌కామ్ లాంటి ప్రాంతీయ కంపెనీలని ఒక్కొక్కటే కొని, 2014 చివర్లో ఇజ్జీ అనే కొత్త పేరు పెట్టింది. మన దగ్గర కేబుల్ ఆపరేటర్లు ఏరియాలు పంచుకున్నట్టే, అక్కడా చాలా ఊళ్ళల్లో కేబుల్ అంటే ఒకే కంపెనీ. రెండు పెద్ద కేబుల్ కంపెనీలు ఒకే వీధిలో ఎదురెదురుగా పోటీపడటం చాలాకాలం అరుదుగానే కనబడింది. అందుకే "ఇజ్జీ మంచిదా, మెగా మంచిదా" అన్న ప్రశ్న చాలామందికి వర్తించేదే కాదు. ఉన్నది ఏదో ఒకటే.

కొన్న కంపెనీల తీగలు కూడా ఇజ్జీకి వారసత్వంగా వచ్చాయి. ఒక ఊళ్ళో కొత్త తీగ, ఇంకో ఊళ్ళో ఎప్పటిదో పాత తీగ, పైన బోర్డు మాత్రం ఒకటే. 2018 డిసెంబర్‌లో మోంటెర్రేకి చెందిన ఆక్స్‌టెల్ కంపెనీ ఇళ్ళకిచ్చే ఫైబర్ (గాజు తీగ) వ్యాపారంలో పెద్ద భాగాన్ని టెలివీసాకి అమ్మింది, మరుసటేడు మరికొంత మెగాకేబుల్‌కి అమ్మింది. అలా ఒకే పేరు కింద కొందరికి కేబుల్, కొందరికి ఫైబర్. పేరు చూసి నాణ్యతని అంచనా వేస్తే పొరబడటం ఖాయం.

ఇంటికి చేరేది టీవీ కేబులా, ఫైబరా అన్న తేడా దగ్గరే అసలు విషయం ఉంది. టీవీ కేబుల్‌లో వీధి మొత్తానికీ ఒకే దారి. రాత్రి ఎనిమిదింటికి అందరూ సినిమాలు పెట్టుకుంటే అందరి వేగమూ తగ్గుతుంది. ఆ తీగని టీవీ చూడటానికి వేశారు కాబట్టి డౌన్‌లోడ్‌కి విశాలంగా, అప్‌లోడ్‌కి ఇరుకుగా చోటు కేటాయించారు. మెక్సికో సిటీలో రాత్రి ఎనిమిదంటే హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం ఏడున్నర. అమ్మానాన్నలతో వీడియో కాల్ మాట్లాడటానికి అనువైన వేళ సరిగ్గా అదే. అవతలివాళ్ళు స్పష్టంగా కనిపిస్తూ, మన బొమ్మ మాత్రం వాళ్ళకి ఆగిపోతోందంటే సాధారణంగా ఈ అప్‌లోడ్ ఇరుకే కారణం. స్పీడ్ టెస్ట్‌లో పెద్దగా కనబడే మొదటి అంకె చూసి మురిసిపోయేవాళ్ళు పక్కనున్న రెండో అంకెని చూడరు.

ఫైబర్‌లోనూ ఒక తీగని 32 లేదా 64 ఇళ్ళకి పంచుతారు. కానీ దాని సామర్థ్యం ఎక్కువ, దూరానికి పెద్దగా నీరసపడదు, టీవీ కేబుల్‌కి ఉన్నట్టు మధ్యలో వీధి స్తంభాల మీద సిగ్నల్‌కి బలమిచ్చే, కరెంటుతో నడిచే యాంప్లిఫయర్లు ఉండవు. వ్యాపారవేత్త రికార్డో సాలినాస్ ప్లియెగో గ్రూపుకి చెందిన టోటల్‌ప్లే పాత తీగ బరువేమీ లేకుండా 2010 తర్వాత నేరుగా ఫైబర్‌తోనే మొదలైంది. నెట్‌ఫ్లిక్స్ వేగం జాబితాల్లో ఏళ్ళ తరబడి మెక్సికోలో ముందు నిలవడానికి అదే ప్రధాన కారణం. అయితే వ్యాపారం లాభసాటిగా ఉండే నగర కాలనీలనే ఎంచుకుని తీగ వేసిన కంపెనీ సగటునీ, చిన్న ఊళ్ళల్లో కూడా రాగి తీగని మోస్తున్న టెల్మెక్స్ సగటునీ ఒకే పట్టికలో పెట్టి పోల్చడం న్యాయం కాదు. టెల్మెక్స్ ఫైబర్ వచ్చిన వీధుల్లో పరిస్థితి వేరు. అయితే ఫైబర్ వచ్చిన వీధుల్లోనూ ఒక్కోసారి, స్తంభం మీది పెట్టెలో ఇళ్ళ తీగలు తగిలించే పోర్టులు ఖాళీ లేవన్న జవాబు వినిపిస్తుంది. ఒక్కో పెట్టెలో ఎనిమిదో పదహారో పోర్టులు. ఎవరైనా కనెక్షన్ వదులుకుంటే తప్ప మనవంతు రాదు.

ఈ పరిస్థితిని మార్చాలని 2013లో పెద్ద ప్రయత్నం జరిగింది. అంతకు ముందు ఏడాది ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ) నివేదిక ఒకటి మెక్సికోని కుదిపింది. టెలిఫోన్ లైన్లలో 80 శాతం ఒకే కంపెనీ చేతిలో ఉందని, పోటీ లేకపోవడం వల్ల 2005-2009 మధ్య దేశానికి 12,900 కోట్ల డాలర్ల నష్టం జరిగిందని అది అంచనా వేసింది. నియంత్రణ సంస్థ ఏ ఆదేశం ఇచ్చినా కంపెనీలు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకునేవి. 2013 జూన్‌లో అధ్యక్షుడు ఎన్రికే పేన్యా నియెతో ప్రభుత్వం రాజ్యాంగాన్నే సవరించింది. ఇంటర్నెట్ అందుబాటుని పౌరుల హక్కుగా రాసింది. ఐఎఫ్‌టీ అనే స్వతంత్ర టెలికాం నియంత్రణ సంస్థని పెట్టి, దాని ఆదేశాల మీద స్టేలు రాకుండా చేసింది. 2014 మార్చిలో స్లిమ్ కంపెనీలని మార్కెట్‌పై ఆధిపత్యం ఉన్నవిగా ప్రకటించి, తమ తీగలు, గొట్టాలు, స్తంభాలు పోటీదారులకి అద్దెకివ్వమని ఆదేశించారు. 2015 జనవరి 1 నుంచి దేశంలో దూరప్రాంత కాల్స్‌కి వేరే చార్జీ అన్నదే లేకుండా పోయింది. 2020లో టెల్మెక్స్ నుంచి ఇంటిదాకా వెళ్ళే తీగల వ్యవహారాన్ని విడదీసి వేరే సంస్థకి అప్పగించారు.

ఫలితం కనబడింది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో సంస్కరణకి ముందు సుమారు 70 శాతం ఉన్న స్లిమ్ కంపెనీల వాటా పదేళ్ళలో సుమారు 40 శాతానికి దిగింది. నగరాల్లో అదే బిల్లుకి వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఈ సంస్కరణని ఎవరెంత విమర్శించినా, మామూలు కుటుంబానికి నేరుగా మేలు చేసిన కొద్ది నిర్ణయాల్లో ఇదొకటని నా నమ్మకం.

కానీ ఆ మేలు అందరికీ సమానంగా అందలేదు. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు ప్రభుత్వం పాఠాలని ప్రధానంగా టీవీలో ప్రసారం చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది జాతీయ గణాంక సంస్థ సర్వే ప్రకారం ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు 60.6 శాతమే. చియాపాస్, ఒహాకా లాంటి దక్షిణాది రాష్ట్రాల కొండ పల్లెల్లో పరిస్థితి ఇంకా అన్యాయం. వేగాన్ని పోల్చి చూసుకోవడం కంపెనీలు రెండు మూడు ఉన్నవాళ్ళకి దక్కే సౌకర్యం. ఒక్కటీ లేనివాళ్ళకి 2021లో స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ రావడం కొంత ఊరట. అదీ డిష్ కొనుక్కోగల స్తోమత ఉంటేనే.

ఇక నిలకడ సంగతి. వేగాన్ని కొలిచే జాబితాలు చాలా ఉన్నాయి. లైన్ ఎన్నిసార్లు పోయింది, ఎన్ని గంటలు రాలేదు అన్నది ఆ జాబితాల్లో ఉండదు. స్పీడ్ టెస్ట్ లైన్ ఉన్నప్పుడే నడుస్తుంది. లైన్ పోయిన మూడు రోజులూ అందులో ఎక్కడా నమోదు కావు. 2023 అక్టోబర్‌లో ఓటిస్ తుఫాను ఐదో స్థాయి తీవ్రతతో అకపుల్కో మీద పడినప్పుడు స్తంభాలు, టవర్లు, తీగలు నేలకూలి ఊరికి ఊరే మూగబోయింది. 2024 మేలో వడగాలులకి విద్యుత్ గ్రిడ్ తట్టుకోలేక పలు రాష్ట్రాల్లో వంతులవారీగా కరెంటు తీసేశారు. అలాంటప్పుడు ఇంట్లో బ్యాటరీ ఉన్నా, వీధిలోని యాంప్లిఫయర్‌కి కరెంటు లేకపోతే కేబుల్ ఇంటర్నెట్ రాదు. ఫైబర్ అయితే, ఎక్స్ఛేంజ్‌కి బ్యాకప్ ఉన్నంతసేపు, మోడెమ్‌కి చిన్న బ్యాటరీ పెట్టుకున్నా నడిచే అవకాశం ఉంది. ఏ ప్రకటనలోనూ ఈ తేడా చెప్పరు.

కంపెనీ తప్పు వల్ల సేవ ఆగితే బిల్లులో తగ్గింపు పొందే హక్కుని 2014 టెలికాం చట్టం వాడుకదారుడికి ఇచ్చింది. ఫిర్యాదులకి సోయ్ ఉసువారియో అనే వేదికని ఐఎఫ్‌టీ నడిపింది, వినియోగదారుల సంస్థ ప్రొఫెకో ఉంది. అయితే 2024 డిసెంబర్‌లో రాజ్యాంగాన్ని మళ్ళీ సవరించి ఐఎఫ్‌టీని రద్దు చేశారు. అధ్యక్షురాలు క్లౌడియా షేన్‌బామ్ హయాంలో 2025 జులైలో కొత్త టెలికాం చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన కొత్త కమిషన్‌కి ఐఎఫ్‌టీకి ఉన్నంత స్వతంత్రత లేదన్న ఆందోళన మెక్సికోలో గట్టిగానే వినబడింది. ఈ కమిషన్ ఒక్క పని చేసినా చాలా మేలు జరుగుతుంది: ఏ కాలనీలో ఏ కంపెనీ లైన్ నెలకి ఎన్ని గంటలు పోయిందో లెక్కలు బయటపెట్టడం.

ఆ లెక్కలు వచ్చేదాకా ఇల్లు చూసుకునేవాళ్ళకి పొరుగువాళ్ళే దిక్కు. అడగాల్సింది కంపెనీ పేరొక్కటే కాదు. ఈ బిల్డింగ్‌లోకి వచ్చే తీగ ఫైబరా, కేబులా, రాగా? రాత్రి ఎనిమిది తర్వాత ఎలా ఉంటుంది? కిందటిసారి లైన్ పోతే బాగుచేసే మనిషి ఎన్ని రోజులకి వచ్చాడు? ఒప్పందంలో ఏడాదిపాటో ఏడాదిన్నరపాటో వదలకూడదన్న షరతు ఉంటుంది కాబట్టి, ఈ మూడూ కనుక్కోవాల్సింది సంతకం పెట్టక ముందే.