మెకంజీ పుట్టిన ఊళ్లో ఒక బడి

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఫోన్లో కైఫీయతుల గురించి అడిగారు కదా. ఆ కైఫీయతులు, అంటే మన ఊళ్ల చరిత్రలు, రాయించి పోగుచేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది స్టోర్నోవేలో. స్కాట్లండ్‌కు వాయవ్యంగా సముద్రంలో ఉన్న లూయిస్ దీవికి అదే పెద్ద ఊరు. ఆయన కాలంలో లేని బడి ఒకటి ఇప్పుడక్కడ ఉంది, నికల్సన్ ఇన్‌స్టిట్యూట్. దాని కథ మీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అలెగ్జాండర్ మోరిసన్ నికల్సన్ ఆ ఊరివాడే. ఇంజనీరై, షాంఘై వెళ్లి, ఓడల పనిలో స్థిరపడ్డాడు. 1865లో అక్కడే బాయిలర్ పేలి చనిపోయాడు. ఆస్తిలో కొంత సొంత ఊళ్లోని పేద పిల్లల చదువుకు ఖర్చుపెట్టాలని విల్లు రాసి ఉంచాడు. ఆ డబ్బుతో 1873లో బడి తెరిచారు. తర్వాత అది సర్కారు బడి అయింది. ఇప్పుడు దీవుల కౌన్సిల్ నడుపుతోంది, ఫీజు లేదు.

బడి తెరవడానికి ముందు ఏడాదే, 1872లో, 5 నుంచి 13 ఏళ్ల పిల్లలంతా బడికి వెళ్లి తీరాలని స్కాట్లండ్‌లో చట్టం వచ్చింది. మంచి చట్టమే. కానీ అందులో గేలిక్ భాష ఊసే లేదు. లూయిస్‌లో ఇంటింటా మాట్లాడేది గేలిక్, బడిలో చెప్పేదేమో ఇంగ్లీషు. యూనివర్సిటీ మెట్టు ఎక్కించే పూర్తి ఆరేళ్ల హైస్కూలు చదువు దీవి మొత్తానికి నికల్సన్‌లోనే దొరికేది. దూరపు పల్లెల పిల్లలు పన్నెండు, పదమూడేళ్లకే ఇల్లు వదిలి స్టోర్నోవే హాస్టళ్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో ఉండి చదువుకున్నారు. ఆ వయసులో అమ్మతో మాట్లాడే భాష ఇంటి దగ్గరే వదిలి రావడం ఎంత కష్టమో ఊహించండి.

దగ్గర్లోని బేబుల్ అనే చిన్న పల్లెలో పెరిగి, ఈ బడిలో చదివిన ఇద్దరు గొప్ప గేలిక్ కవులయ్యారు: డెరిక్ థామ్సన్, ఇయన్ క్రైటన్ స్మిత్. ఇద్దరూ పైచదువుకు అబర్డీన్ వెళ్లారు. ఇద్దరి జీవితమూ దీవి బయటే గడిచింది. తెలివైన పిల్లలకు దారి చూపించిందీ, వాళ్లను దీవి దాటించిందీ ఈ బడే. దాని మీద నాకెంత గౌరవమో, ఈ విషయంలో అంత బాధ.

దీవిలో కుర్రకారు తగ్గిపోయారంటే తప్పంతా బడిదే అనలేం. 1919 జనవరి 1 తెల్లవారుజామున, యుద్ధం ముగిసి ఇళ్లకు వస్తున్న నావికుల ఓడ అయొలేర్ స్టోర్నోవే రేవు ముందే రాళ్లకు కొట్టుకుంది. తీరం కొన్ని గజాల దూరంలోనే ఉన్నా 200 మందికి పైగా చనిపోయారు. 1923లో మెటగామా అనే ఓడలో దాదాపు 300 మంది, చాలామంది కుర్రకారే, కెనడాకు వలసపోయారు. పని లేని చోట ఎవరుంటారు?

ఇప్పటి బడి సంగతికొస్తే, 2012లో కొత్త భవనం వచ్చింది. పాత బడి గడియారం టవర్ ఇంకా నిలిచే ఉంది. ఏడేళ్ల ప్రైమరీ తర్వాత పిల్లలు ఇక్కడ ఎస్1లో, అంటే హైస్కూలు మొదటి ఏడాదిలో, చేరి ఎస్6 దాకా చదువుతారు. చివర్లో హయ్యర్ పరీక్షలంటే మన ఇంటర్ లాంటి టెన్షనే. డిసెంబరులో తొమ్మిది దాటాక గానీ సూర్యుడు రాడు. పల్లెల బస్సులు చీకట్లోనే బయల్దేరతాయి, సాయంత్రం నాలుగు కాకముందే మళ్లీ పొద్దు గుంకుతుంది. గాలి మరీ ముదిరితే అవతలి ఒడ్డుకు వెళ్లే ఫెర్రీ ఆగిపోతుంది.

నాకు సంతోషం కలిగించింది మాత్రం ఇంకొకటి. ఇంగ్లీషు మీడియమే కావాలని తల్లిదండ్రులు అడిగితే తప్ప, ఒకటో తరగతి పిల్లల్ని గేలిక్ మీడియంలోనే చేర్చుకోవాలని 2020లో కౌన్సిల్ నిర్ణయించింది. ఆ ఏడాది బడిలో చేరినవాళ్లు 2027 ఆగస్టులో నికల్సన్‌లో అడుగుపెట్టాలి. అప్పటికి లెక్కలు, సైన్సు ఎన్ని పాఠాలు గేలిక్‌లో చెబుతారో చూడాలని నాకు చాలా ఆత్రంగా ఉంది.

మీ బడిలో తెలుగు పీరియడ్లు వారానికి ఎన్నో, పాఠం ఎలా చెబుతున్నారో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య