మెటాలికా సౌండ్ ఎందుకు మారింది? ‘బ్లాక్ ఆల్బమ్’ చుట్టూ అపోహలు - వాస్తవాలు

మెటల్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ తెచ్చిందంటే చాలు, మొదటి రోజే తీర్పు వచ్చేస్తుంది. పాత సౌండ్ పోయిందనీ, డబ్బుకు అమ్ముడుపోయారనీ అంటారు. 1991 ఆగస్టు 12న అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా తన పేరుతోనే ఆల్బమ్ తెచ్చినప్పుడు ఇదే జరిగింది. అట్ట దాదాపు మొత్తం నలుపే కాబట్టి దాన్ని అందరూ బ్లాక్ ఆల్బమ్ అంటారు. 2003లోనూ, 2008లోనూ ఆ బ్యాండ్ మీద మళ్లీ ఇలాంటి మాటలే పడ్డాయి. ఇష్టం, అయిష్టం ఎవరివి వాళ్లవి. కానీ సౌండ్ మారడానికి కారణాలు మనసులో కన్నా తీగల మందంలో, పాట వేగంలో, మైకు పెట్టిన చోటులో ఎక్కువగా దొరుకుతాయి. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ల కచేరీ విన్నవాళ్లలో, ఇప్పుడు హైదరాబాద్, విశాఖ ప్రాక్టీసు గదుల్లో ఆ రిఫ్‌లు (పాటలో పదేపదే వచ్చే గిటార్ ముక్కలు) వాయిస్తున్నవాళ్లలో చాలామంది ఈ అపోహలతోనే తమ యాంప్ (గిటార్ ఆంప్లిఫయర్) నాబ్‌లు తిప్పుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

అపోహ: రేడియో కోసం మెత్తబడ్డారు

వాస్తవం: పాటలు చిన్నవయ్యాయన్నది నిజమే. 1988 నాటి ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో 9 పాటలకు దాదాపు 65 నిమిషాలు పడితే, బ్లాక్ ఆల్బమ్‌లో 12 పాటలు 62 నిమిషాల్లో అయిపోతాయి. వేగమూ తగ్గింది. అయితే వేగం తగ్గితే సంగీతం మెత్తబడుతుందనుకోవడమే పొరపాటు. లెక్క వేసి చూద్దాం.

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ‘ఈ’ (E) తీగ, సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఒక్క కంపనానికి 24 మిల్లీసెకన్లు. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ టైటిల్ పాట నిమిషానికి సుమారు 212 బీట్ల మీద నడుస్తుంది. అందులో ఒక బీటును నాలుగు దెబ్బలుగా విడగొడితే ఒక్కో దెబ్బకు దక్కేది 71 మిల్లీసెకన్లు. అంటే ఆ మంద్ర స్వరం మూడు కంపనాలు కూడా నిండా పూర్తిచేయదు, అంతలోనే పక్క దెబ్బ వచ్చి పడుతుంది. బ్లాక్ ఆల్బమ్‌లోని ‘శాడ్ బట్ ట్రూ’ 90 బీట్లకు దగ్గర్లో ఉంటుంది. అక్కడ అదే ముక్కకు 167 మిల్లీసెకన్లు, ఏడు కంపనాలకు దగ్గర. స్వరాన్ని చెవి పోల్చుకోవాలంటే కొన్ని కంపనాలైనా వినబడాలి. అందుకే వేగంగా పరిగెత్తే త్రాష్ మెటల్ పాటలో అడుగు సౌండ్, అంటే మంద్ర ధ్వని, పెంచితే బురద అవుతుంది, పెంచకపోతేనే శుభ్రంగా ఉంటుంది. నిదానంగా నడిచే పాట ఎంత బరువైనా మోస్తుంది.

నిర్మాత బాబ్ రాక్‌ను పిలిచింది కూడా ఈ బరువు కోసమే. 1989లో అతను చేసిన మోట్లీ క్రూ బ్యాండ్ ఆల్బమ్ ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ అడుగు సౌండ్ వీళ్లకు నచ్చింది. ఎవరి భాగం వాళ్లు విడిగా రికార్డు చేసుకునే పాత అలవాటు మాన్పించి, నలుగురినీ ఒకే గదిలో కలిసి వాయించమన్నాడు. లాస్ ఏంజెలెస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో 1990 అక్టోబరులో మొదలైన పని 1991 జూన్ దాకా సాగింది. అన్ని వాయిద్యాల రికార్డింగులనూ కలిపే మిక్సింగే మూడుసార్లు చేశారు. మెత్తబడటానికి ఇంత చాకిరీ ఎవరూ చేయరు.

మీ రిఫ్ మీదే పరీక్షించుకోండి. యాంప్‌లో ఒక్క నాబ్ కూడా ముట్టుకోకుండా తాళం లెక్కగట్టే మెట్రోనోమ్‌ను 20 బీట్లు తగ్గించి వాయించండి. గిటార్ లావైనట్టు అనిపిస్తుంది. నిజానికి లావైంది స్వరాల మధ్య చోటు.

అపోహ: శ్రుతి ఎంత దించితే అంత హెవీ

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం పాడుచేసినన్ని కొత్త బ్యాండ్ల సౌండ్లు ఇంకేదీ పాడుచేయలేదని మా అభిప్రాయం.

అసలు శ్రుతి దించడం ఎలా మొదలైందో చూడండి. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే. తొడుగులు వేసుకుని వాయించే వేళ్లకు బిగువు తగ్గాలి. సన్నటి తీగలు వేశాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి శ్రుతి ఒకటిన్నర స్వరం (మూడు ఫ్రెట్లంత) దించాడు. వేళ్ల సుఖం కోసం చేసిన పని ఒక సంగీతానికే గుర్తుగా నిలిచిపోయింది. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ టైటిల్ పాట మాత్రం మామూలు ‘ఈ’ (E) ట్యూనింగ్‌లోనే ఉంది. అది హెవీ కాదనేవాళ్లు ఎవరూ లేరు.

బ్లాక్ ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు ‘ఈ’ (E) లోనే ఉంటాయి. ‘శాడ్ బట్ ట్రూ’ ఒక్కటి మొత్తం తీగలు ఒక స్వరం (రెండు ఫ్రెట్లంత) దించి డీ (D) లో వాయించారు. చుట్టూ ఉన్న పాటలు పైన ఉండబట్టే ఇది కిందికి దిగినట్టు తెలుస్తుంది. అన్నీ దించేస్తే దేన్నీ దించనట్టే.

ఇక మీ గిటార్ సంగతి. తీగ పొడవు, మందం అవే ఉంచి శ్రుతి రెండు ఫ్రెట్లు దించితే బిగువు సుమారు 20 శాతం తగ్గుతుంది. నాలుగు ఫ్రెట్లు, అంటే సీ దాకా దించితే 37 శాతం తగ్గుతుంది. వదులైన తీగను గట్టిగా కొడితే ముందు స్వరం పైకి ఎగిరి తర్వాత దిగుతుంది. ఇద్దరు గిటారిస్టులు చెరోలా కొడితే ఇద్దరి శ్రుతి చెరోలా ఎగురుతుంది. ‘డిస్టార్షన్ (గిటార్ గరుకు సౌండ్) బాగాలేదు’ అని జనం అనుకునే సగం సందర్భాల్లో అసలు జబ్బు ఇదే. మందు తేలిక: 10-46 సెట్‌లో (ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) 46 తీగ బిగువు డీ లో కూడా అలాగే ఉండాలంటే 52 కావాలి, సీ లో అయితే 58. ఇది తీగ పొడవు 25.5 అంగుళాలున్న గిటార్‌కైనా 24.75 అంగుళాలున్న గిటార్‌కైనా వర్తిస్తుంది. పొట్టి గిటార్‌లో మొదటినుంచీ బిగువు కొంచెం తక్కువే కాబట్టి ఇంకో మెట్టు లావు వేసినా తప్పులేదు.

లావు తీగ వేసి ఊరుకుంటే కుదరదు. మెడ పై చివర తీగ ఆనే నట్ గాడిలో అది ఇరుక్కుంటుంది. ట్యూన్ చేసేటప్పుడు ‘టిక్’మని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారి గెంతితే గాడి ఇరుకైందన్నమాట, సన్నటి ఫైల్‌తో వెడల్పు చేయించాలి. లోతు పెంచకూడదు. తర్వాత మెడ వంపు సరిచూసి, ఆ పైన 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరమూ అక్కడ తీగను తాకి వదిలితే వచ్చే హార్మోనిక్కూ ఒకటయ్యేదాకా బ్రిడ్జి శాడిల్ (కింది చివర తీగ ఆనే దిమ్మ) జరపాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్ వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకి.

అపోహ: గెయిన్ పూర్తిగా తిప్పితేనే మెటల్

వాస్తవం: గెయిన్ అంటే యాంప్‌లో గరుకు పెంచే నాబ్. ఆల్బమ్‌లో గోడలాగా వినిపించేది ఒక్క గిటార్ కాదు. ఒకే రిఫ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెడతారు. మెటాలికా రికార్డుల్లో ఆ రెండు వైపులా రిథమ్ వాయించేది ఎక్కువగా గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డే, ఎందుకంటే చేతి వాటం ఒకటే అయితేనే రెండూ కలిసి ఒక్క దెబ్బలా పడతాయి. ఒక టేక్‌ను (ఒకసారి వాయించిన రికార్డింగును) కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, అది మధ్యలోనే ఉండిపోతుంది. కాపీని 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో రెండూ కలిసేసరికి డొల్లగా అయిపోతుంది.

రెండుసార్లు వాయించినప్పుడు డిస్టార్షన్ కూడా రెట్టింపవుతుంది. కాబట్టి యాంప్ గెయిన్ 8 దగ్గర ఉంటే 5కి దించండి. యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్ పెట్టి డ్రైవ్ సున్నాకు, లెవెల్ పూర్తిగా, టోన్ మధ్యలో ఉంచండి. యాంప్‌లోకి వెళ్లేముందే అది అడుగు సౌండ్‌ను కత్తిరిస్తుంది. అరచేయి ఆనించి కొట్టే దెబ్బలు ‘బుడ్ బుడ్’మని కాకుండా ‘జక్ జక్’మని బిగుతుగా వస్తాయి.

మైకు దగ్గర ఓపిక పట్టాలి. 12 అంగుళాల స్పీకర్ మధ్యలో గుండ్రటి టోపీ ఉంటుంది. ఎస్‌ఎం57 మైకును స్పీకర్ ముందున్న గుడ్డకు 2 సెంటీమీటర్ల దూరంలో, ఆ టోపీ అంచుకు ఎదురుగా పెట్టి మొదలుపెట్టండి. మధ్యకు జరిపితే చెవి కోసేలా ఉంటుంది, బయటకు జరిపే కొద్దీ ఒక్కో వేలి వెడల్పుకూ సౌండ్ మొద్దుబారుతుంది. మంద్ర, తార ధ్వనులను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో గంటసేపు వెతికేది ఇక్కడ ఒక సెంటీమీటరులో దొరుకుతుంది. తర్వాత మిక్స్‌లో 80-100 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) కింద ఉన్నదీ, 8-10 కిలోహెర్ట్జ్ పైన బుసకొట్టేదీ తీసేస్తే చాలు.

అపోహ: టేకులు అతికించడం కంప్యూటర్ వచ్చాక నేర్చిన మోసం

వాస్తవం: టేప్ కాలంలోనే మెటాలికా డ్రమ్ టేకులను బ్లేడుతో కోసి అతికించారు. అప్పుడది ఇంకా కష్టం.

అపోహ: ‘జస్టిస్’లో బేస్ వినబడకపోవడానికి కారణం జేసన్ న్యూస్టెడ్ కొత్తవాడు కావడమే

వాస్తవం: 1986లో క్లిఫ్ బర్టన్ బస్సు ప్రమాదంలో పోయాక వచ్చిన బేస్ గిటారిస్టు న్యూస్టెడ్. అతని వాయిద్యంలో లోటేమీ లేదు. బేస్ తగ్గించమన్నది బ్యాండ్ వైపు నుంచేనని మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత చెప్పాడు. అయితే ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) ఒక్కటే కారణం కాదు. బేస్ పిక్‌తో గిటార్ రిఫ్‌నే స్వరం స్వరం అనుసరిస్తుంది. గిటార్లేమో మధ్య సౌండ్ లోపలికి తీసేసి, అడుగు పెంచి ఉన్నాయి. వాళ్లు వాడిన మీసా బూగీ మార్క్ 2సీ ప్లస్ యాంప్‌లో 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్‌లకు ఐదు స్లైడర్లు ఉంటాయి. 750 దించి, అటూ ఇటూ పైకి ఉంచితే ‘వి’ ఆకారం వస్తుంది. గదిలో ఒంటరిగా వాయిస్తే ఇంతకన్నా హాయైన సౌండ్ ఉండదు. బ్యాండ్‌లో మాత్రం ఆ గిటార్ కింది అంచు బేస్ కూర్చోవాల్సిన చోటునే ఆక్రమిస్తుంది.

బ్లాక్ ఆల్బమ్‌లో బేస్ గిటార్‌కు నీడగా ఉండటం మాని కిక్ డ్రమ్‌తో (కాలితో వాయించే పెద్ద డ్రమ్) జతకట్టింది. మీరు చేయాల్సిందీ అదే. బేస్ ట్రాక్‌ను రెండు కాపీలు చేసి, ఒకదాంట్లో 200 హెర్ట్జ్ కింద ఉన్నది మాత్రమే శుభ్రంగా ఉంచండి. రెండోదాంట్లో దానికి పైన ఉన్నదానికి డిస్టార్షన్ ఇవ్వండి. గిటార్‌లో 100 హెర్ట్జ్ చుట్టూ 3 డీబీ (డెసిబెల్‌లు) తగ్గించండి. గిటార్ ట్రాక్ ఒంటరిగా వింటే బక్కచిక్కినట్టు ఉంటుంది, కంగారుపడొద్దు. అందరినీ కలిపి వింటేనే తీర్పు చెప్పాలి.

అపోహ: ‘సెయింట్ యాంగర్’ స్నేర్ రికార్డింగ్‌లో జరిగిన పొరపాటు

వాస్తవం: కాదు, తెలిసి ఉంచుకున్నదే. స్నేర్ డ్రమ్ అడుగు చర్మానికి ఆనుకుని స్ప్రింగుల్లాంటి సన్నటి తీగల వరుస ఉంటుంది. పక్కనున్న మీట దించితే అది వదులై చర్మాన్ని తాకదు. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ 2003లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఆ తీగలు వదిలేసే వాయించాడు. తీగలు తాకుతున్నప్పుడు దెబ్బకు ‘ఛస్’మనే గరుకు వస్తుంది, చర్మం మోత త్వరగా ఆగుతుంది. అవి లేకపోతే లోహపు గుండ్రం, రెండు చర్మాలు స్వేచ్ఛగా మోగి బిందె మోత మిగులుతుంది.

మోత ఉండటం తప్పు కాదు. డప్పు వాయించేవాళ్లు మంట దగ్గర చర్మం కాచి, వేలితో తట్టి చూసి, కోరిన కంగు వచ్చాకే మొదలుపెడతారు. ఆ మోతకు ఒక ఎత్తు ఉంటుంది, అది పాటకు పొసగాలి. స్నేర్‌కూ అంతే. తీగలు వదిలేసే సౌండ్ కావాలనుకుంటే ముందు ప్రతి బోల్టు దగ్గర అంచుకు రెండు వేళ్ల దూరంలో తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం వచ్చేదాకా ఎదురెదురు బోల్టులు పావు చుట్టు చొప్పున బిగించండి. మోత ఇంకా ఎక్కువైతే అంచున చిన్న టేపు ముక్క మడిచి అతికించండి. అప్పటికీ కుదరకపోతేనే ఈక్వలైజర్‌తో ఆ ఒక్క స్వరాన్ని వెతికి సన్నగా కోయాలి. గిటార్ సోలోలు లేకపోవడం, అన్నిటికన్నా లావు తీగను సీ దాకా దించే డ్రాప్ సీ ట్యూనింగ్, ఈ స్నేర్ మూడూ కలిసే ఆ ఆల్బమ్ ముఖం మార్చాయి. స్నేర్ ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు.

అపోహ: పెద్ద శబ్దంతో వచ్చిన ఆల్బమే శక్తిమంతమైనది

వాస్తవం: 2008 ‘డెత్ మాగ్నెటిక్’ ఈ పాఠాన్ని అందరి ముందూ పెట్టింది. పాటలు మళ్లీ పొడుగయ్యాయి, సోలోలు తిరిగొచ్చాయి. కానీ సీడీని పెద్దగా వినిపించాలని మెల్లని, గట్టి శబ్దాల తేడా పోయేలా అంచుదాకా నొక్కేశారు. డ్రమ్ దెబ్బల శిఖరాలు కోసుకుపోయి చిటపటలు వినబడ్డాయి. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో ఆ నొక్కుడు లేకుండా రావడంతో తేడా మామూలు శ్రోతకూ తెలిసిపోయింది. విడుదలకు ముందు చివరి మెరుగు, అంటే మాస్టరింగ్, చేసిన టెడ్ జెన్సన్ తన దగ్గరకు వచ్చేసరికే మిక్స్‌లు అలా నొక్కేసి ఉన్నాయన్నాడు.

ఇప్పుడైతే నొక్కినందుకు పెద్దగా వినిపించే లాభం కూడా లేదు. స్పాటిఫై మామూలుగా పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే శబ్దపు కొలత) దగ్గరకు సర్దుతుంది. మీరు మైనస్ 7 దగ్గర ఇస్తే 7 డీబీ తగ్గించి వినిపిస్తుంది. శబ్దం పక్క పాటతో సమానమవుతుంది, కోసేసిన స్నేర్ దెబ్బ మాత్రం తిరిగిరాదు.

మాస్టరింగ్‌కు పంపేముందు మెయిన్ అవుట్‌పుట్ మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా నొక్కే సాధనం) తీసేయండి. శిఖరాలు మైనస్ 6 డీబీ దగ్గర ఆగేలా చూసుకుని 24 బిట్ వేవ్ ఫైలు ఇవ్వండి. వెనక్కి వచ్చాక పాతదీ కొత్తదీ ఒకే శబ్దానికి సర్ది, కోరస్ మొదలయ్యే చోట స్నేర్ వినండి. కొత్తదాంట్లో ఆ దెబ్బ గిటార్ల వెనక్కి పోయి ఉంటే, లిమిటర్ 2 డీబీ వెనక్కి తీయమని అడగండి.