మోడల్ లెక్కలో సిక్కోలు వాన

"రాబోయే కాలంలో మీ జిల్లాలో వానలు ఇంత శాతం పెరుగుతాయి" అని ఏ నివేదిక చెప్పినా, ముందు అడగాల్సింది ఒకటుంది. ఆ అంచనా కట్టిన మోడల్, అంటే వాతావరణాన్ని కంప్యూటర్‌లో నడిపే లెక్క, ఇప్పటిదాకా ఇక్కడ కురిసిన వాననైనా సరిగ్గా చూపించిందా?

వానను ముందే పసిగట్టాలన్న ఆరాటం మనకు కరువుల్లోంచి వచ్చింది. 1866 కరువు దెబ్బ తిన్న గంజాం జిల్లాలోనే అప్పట్లో శ్రీకాకుళం ఉండేది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. దాని అధిపతులుగా పనిచేసిన ఇద్దరిలో, హిమాలయాల మంచును చూసి బ్లాన్‌ఫోర్డ్, దూరదేశాల గాలి పీడనాలను చూసి గిల్బర్ట్ వాకర్ రుతుపవనాలను అంచనా కట్టేవారు. గాలి కదలికను సమీకరణాలుగా రాసి భూగోళం మొత్తాన్ని కంప్యూటర్‌లో నడిపే పద్ధతికి 1956లో నార్మన్ ఫిలిప్స్ ప్రయోగం దారి వేసింది.

మోడళ్లు పెరిగాక వాటికి పరీక్ష పెట్టారు. 1979 నుంచి 1988 దాకా నిజంగా నమోదైన సముద్ర ఉష్ణోగ్రతలను అన్నింటికీ ఒకేలా ఇచ్చి, ఇక వాన కురిపించండి అన్నారు. శాస్త్రవేత్తలు సులోచన గాడ్గిల్, సజని 1998లో అలాంటి 30 మోడళ్లను పరిశీలిస్తే, కొన్నింటిలో వాన పట్టీ భారత భూభాగం మీదికి రాకుండా భూమధ్యరేఖ దగ్గరి సముద్రం మీదే ఉండిపోయింది. ఆ తర్వాత మోడళ్లు చాలా మెరుగయ్యాయి, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ (ఐఐటీఎం) మోడల్ కూడా అంతర్జాతీయ పోలికల్లో చేరింది.

కానీ దేశం సగటు కుదిరినంత మాత్రాన మన జిల్లాకు కుదిరినట్టు కాదు. మోడల్ భూమిని గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో లెక్క వేస్తుంది. వంద కిలోమీటర్ల గడి ఒకటి ఊహించుకోండి. పలాస తీరం, ఉద్దానం తోటలు, 1,500 మీటర్ల మహేంద్రగిరి, దాని వెనక ఒడిశా కొండలు అన్నీ అందులో పట్టేస్తాయి. గడి మొత్తానికి ఎత్తు ఒక్కటే, కాబట్టి కొండ కాస్తా చదునైపోతుంది. సముద్రపు గాలి కొండకు తగిలి పైకి లేచి కురిసే వాన లెక్కకే రాదు. పైగా చాలా మోడళ్లకు రోజూ సన్నజల్లులు కురిపించే అలవాటుంది. నెల మొత్తం సరిపోతుంది, గెడ్డ (వాగు) పొంగే కుండపోత ఉండదు, ఉభాలు (వరినాట్లు) ఆపేసే పది రోజుల ఎండా ఉండదు. సగటును సరిచేసి "బాగా కుదిరింది" అనే నివేదికలంటే నాకు అందుకే అనుమానం.

ఇలాంటి దీర్ఘకాలపు మోడల్ ఏ రోజు ఏం జరిగిందో చెప్పదు, వాతావరణం తీరునే చూపిస్తుంది. అందుకే మోడల్‌లోని 2018 మన 2018 కాదు. అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చిందా అని దాన్ని అడగకూడదు. ముప్పై ఏళ్లలో అలాంటి అక్టోబరు తుపాన్లు ఎన్ని, అవి ఎంత కురిశాయి అని అడగాలి. సరిపోల్చడానికి 1901 నుంచి వాతావరణ శాఖ గడుల వారీ వర్షపాతం ఉంది. ఒడిశా భాగాన్ని వదిలేసి పోల్చినా పని సగమే. వంశధార, నాగావళి రెండూ అక్కడే పుడతాయి. తిత్లీ అప్పుడు వంశధార వరదలో చాలా నీరు ఆ పైభాగంలో కురిసిందే. జిల్లా సరిహద్దు దగ్గర మ్యాపు కత్తిరించి మార్కులు వేస్తే ఆ నీరు ఎవరి లెక్కలోకీ రాదు.