జీను కోసం పుట్టిన గుర్రం

పిల్లలూ,

గుర్రం అనగానే మీకు పరుగే గుర్తొస్తుంది. అమెరికాలోని శాడిల్‌బ్రెడ్ గుర్రానికి పేరు తెచ్చింది మాత్రం నడక. పొద్దస్తమానం జీను మీద కూర్చున్నా మనిషి నడుము పట్టేయకూడదు, ఆ జాతిని పెంచినవాళ్ల పట్టుదల అదొక్కటే.

అమెరికా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో బండి పోయే బాటలు తక్కువ. ఎంత దూరమైనా గుర్రమెక్కే వెళ్లాలి. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి ఓడల్లో వచ్చిన పొట్టి గుర్రాల సంతతిలోంచి రోడ్ ఐలండ్ ప్రాంతంలో నారగాన్‌సెట్ పేసర్ అనే జాతి తయారైంది. దాని మీద ప్రయాణం మహా సుఖం. తర్వాత రోడ్లు పడ్డాయి, బండ్లు పెరిగాయి. చాలా గుర్రాలు కరీబియన్ చెరకు తోటలకు అమ్ముడైపోయాయి, చివరికి ఆ జాతే అంతరించింది. అయితే అప్పటికే వాటిని థరోబ్రెడ్ అనే పందెపు గుర్రాలతో జతకట్టించారు. మెత్తని నడక ఒకవైపు నుంచి, ఎత్తూ చురుకూ మరోవైపు నుంచి వచ్చాయి. ఈ పొత్తు కెంటకీ రాష్ట్రంలో బాగా కుదిరింది. 1839లో పుట్టిన డెన్మార్క్ అనే థరోబ్రెడ్, దాని కొడుకు గెయిన్స్ డెన్మార్క్, ఈ జాతికి మూలపురుషులు అనుకోండి.

ఇంతకీ కుదుపు ఎందుకొస్తుంది? ట్రాట్ అనే నడకలో కుడి ముందుకాలూ ఎడమ వెనుకకాలూ ఒకేసారి నేలను తాకుతాయి, తర్వాత రెండో జత. ఆ రెంటి మధ్య గుర్రం క్షణకాలం గాల్లో ఉంటుంది. దిగిన ప్రతిసారీ రౌతు ఎగిరిపడతాడు. ర్యాక్ అనే నడకలో అలా కాదు. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి, సమానమైన ఎడంతో పడతాయి. గుర్రం మొత్తంగా గాల్లోకి లేవదు కనుక వేగంగా వెళ్తున్నా రౌతు కదలడు. వాక్ అనే మామూలు నడక, ట్రాట్, కాంటర్ అనే నెమ్మది పరుగు మామూలు గుర్రాలకూ ఉంటాయి. శాడిల్‌బ్రెడ్‌లలో కొన్ని వీటితోపాటు స్లో గేట్ అనే నిదానపు నడక, ర్యాక్ కూడా నడుస్తాయి.

1861లో మొదలైన అంతర్యుద్ధంలో సైనికాధికారులు ఈ గుర్రాలను ఏరికోరి ఎక్కారు. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ 200 డాలర్లకు కొన్న బూడిదరంగు గుర్రం ట్రావెలర్ కూడా ఈ రక్తం ఉన్నదే అంటారు. 1891లో కెంటకీలోని లూయివిల్‌ నగరంలో పెంపకందార్ల సంఘం ఏర్పడి వంశావళి రాయడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వీటికి ప్రదర్శన బరులే ప్రధానం. తేలికపాటి బండికి కడతారు, అడ్డంకులు దూకిస్తారు, అడవిబాటల్లో షికారుకూ తీసుకెళ్తారు. తోక ఎత్తుగా నిలవాలని కండరం కోసి పట్టీలు బిగించే పద్ధతి ఒకటి ఉంది. అది మాత్రం నాకు బొత్తిగా గిట్టదు. గుర్రం తోక ఉన్నది ఈగలు తోలుకోవడానికి.

ఎప్పుడైనా వీడియోలో ఈ గుర్రం కనిపిస్తే మెడ వంపు చూస్తూ ఉండిపోకండి, చెవి పెట్టి వినండి. నాలుగు కాళ్లూ ఒక్కోసారి పడే ప్రతి చుట్టుకూ ట్రాట్‌లో రెండు డెక్కల చప్పుళ్లు, ర్యాక్‌లో నాలుగు.

మీ తాతయ్య