పాత బల్లకు ఇంట్లోనే పాలిష్: అపోహలు, వాస్తవాలు

పాత చెక్క సామాను మరమ్మతు చేసి పాలిష్ వేయడం నా వృత్తి. తరాలుగా ఇంట్లో ఉన్న బల్లో, అలమరో, ఊగే కుర్చీయో నా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒక ప్రయోగం చేసేసి ఉంటారు. ఏళ్ల వాడకం చేసిన నష్టం కన్నా ఆ ఒక్క ఆదివారం చేసిన నష్టమే ఎక్కువగా కనిపిస్తుంది. దీనికి కారణం చేతకానితనం కాదు. చెక్క మీద అసలు ఏముందో చూడకుండానే పని మొదలుపెట్టడం. ఇంట్లో చేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను, శుభ్రంగా చేసుకోవచ్చు. కాకపోతే కొన్ని మాటలు ముందు బుర్రలోంచి పోవాలి.

అపోహ: మెరుపు పోయిందంటే పాత పాలిష్ మొత్తం గీకేయాల్సిందే.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. మెరుపు తగ్గిన సామానులో చాలావాటికి పాలిష్ పోలేదు, దాని మీద మురికి పట్టింది అంతే. చేతి చెమట, వంటింటి జిడ్డు, ఎప్పుడెప్పుడో పూసిన మైనం, దుమ్ము అన్నీ కలిసి ఒక ముదురు పొరలా గట్టిపడతాయి. కుర్చీ చేతుల మీద, సొరుగు పిడుల చుట్టూ చూస్తే తెలుస్తుంది.

కాబట్టి మొదటి పని తుడవడం. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గుడ్డను ముంచి గట్టిగా పిండి తుడవండి. వెంటనే పొడిగుడ్డతో తడి తీసేయండి. నీళ్లు నిలవకూడదు, అతుకుల్లోకి దిగకూడదు. అది ఆరాక మినరల్ టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో ఇంకోసారి తుడవండి. నీటికి లొంగని జిడ్డు, మైనం దీనికి వదులుతాయి. గట్టిపడిన పాలిష్‌ను టర్పెంటైన్ ఏమీ చేయదు. గుడ్డ నల్లగా వస్తుంటే సంతోషించండి, పని సగం తగ్గినట్టే. ఇంతవరకు చేసి ఆపేసి, పల్చగా మైనం పూసి ఇంటికి పంపించిన సామాను చాలా ఉంది. "ఇంతేనా?" అని అడుగుతారు. ఇంతే.

తుడిచాక కూడా పాలిష్ పగుళ్లు బారి కనిపిస్తే, అది ఏ రకమో తెలుసుకోవాలి. కాలి లోపలివైపు, బల్ల అడుగున, ఎవరికీ కనబడని చోట పరీక్షించండి. దూదిని డీనేచర్డ్ స్పిరిట్‌లో (తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్) ముంచి ఒక నిమిషం అద్దిపెట్టండి. జిగటగా మారి దూది అంటుకుంటే అది లక్క (షెల్లాక్) పాలిష్. స్పిరిట్‌కు చలించకుండా ల్యాకర్ థిన్నర్‌కు మెత్తబడితే ల్యాకర్. రెండింటికీ కరగకపోతే వార్నిషో, మెలమైనో, పాలీయురేథేనో అయ్యుంటుంది. ఈ వరుస మార్చకండి, ఎందుకంటే థిన్నర్ లక్కను కూడా మెత్తబరుస్తుంది. ముందే థిన్నర్ వాడితే రెండింటికీ తేడా తెలియదు.

ఇంత చిన్న పరీక్ష ఎందుకంటే, లక్క పాలిష్ అయితే దాన్ని తీయనక్కర్లేదు. లక్క ఎన్నేళ్లయినా స్పిరిట్‌లో కరుగుతుంది. పగిలిన పొర మీద బ్రష్‌తో కొంచెం స్పిరిట్ వేస్తే పాత పాలిష్ తనే కరిగి, పగుళ్లు పూడ్చుకుని మళ్లీ గట్టిపడుతుంది. దాని మీద కొత్త లక్క ఒకటి రెండు పొరలు వేస్తే పాతదానిలోనే కలిసిపోతుంది. పాలీయురేథేన్‌కు ఈ సుఖం లేదు. గట్టిపడ్డాక ఇక కరగదు. అందుకే పాతకాలపు సామాను మీద దాన్ని వేయడానికి నేను త్వరగా ఒప్పుకోను. తర్వాతి తరం వాళ్లకు గీకడం తప్ప వేరే దారి ఉండదు.

అపోహ: తీయాల్సి వస్తే శాండింగ్ మెషిన్ పెట్టేస్తే సరిపోతుంది.

మెషిన్ వేగంగా పనిచేస్తుంది. తప్పు కూడా అంతే వేగంగా చేస్తుంది. బల్ల పైభాగం నిండు చెక్కా, లేక పైన వెనీర్ అనే పల్చటి చెక్క పొర అతికించిందా అన్నది ముందు చూడండి. అంచు దగ్గర పరీక్షగా చూస్తే తెలిసిపోతుంది. నిండు చెక్కయితే పైన కనిపించే గీతలు అంచు మీదుగా కొనసాగుతాయి. వెనీర్ అయితే అంచున సన్నటి పొర విడిగా కనిపిస్తుంది, గీతలు అక్కడే తెగిపోతాయి. ఈ కాలపు వెనీర్ మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. మెషిన్ ఒకేచోట కాస్త ఎక్కువసేపు తిరిగితే కింద ఉన్న వేరే చెక్క బయటపడుతుంది. దానికి మందు లేదు.

నిండు చెక్కయినా పాలిష్ తీయడానికి రిమూవర్, గీకుడు బ్లేడు వాడి, నునుపు చేయడానికే ఉప్పు కాగితం వాడాలి. పాలిష్ మీద కాగితం రుద్దితే వేడికి అది కరిగి కాగితాన్ని పూడ్చేస్తుంది. పైగా అంచుల పదును, చెక్కిన పువ్వుల వంపు, ఏళ్ల ఎండకు, గాలికి వచ్చిన రంగు అన్నీ పోతాయి. ఆ రంగు చెక్క పైపొరలోనే ఉంటుంది, రుద్దాక ఇక రాదు.

రుద్దేటప్పుడు చెక్క గీతల వాటంగానే రుద్దండి. అడ్డంగా పడిన గీతలు రంగు వేసేవరకు కనబడవు, వేశాక దాక్కోవు. 120 నంబరు కాగితంతో మొదలుపెడితే 150, 180, 220 వరుసలోనే వెళ్లండి (నంబరు పెరిగేకొద్దీ కాగితం గరుకు తగ్గుతుంది). మధ్యలో దాటేస్తే మొదటి కాగితం గీతలు చివరిదాకా మిగిలిపోతాయి. 220 దాటి ఇంకా నునుపు చేస్తే మేలని కొందరు 400 దాకా పోతారు. అప్పుడు చెక్క అద్దంలా మూసుకుపోయి స్టెయిన్‌ను (చెక్కలోకి ఇంకే రంగు) సరిగ్గా పీల్చుకోదు.

ఒక హెచ్చరిక. సామాను మీద ఉన్నది పాలిష్ కాక పాత పెయింట్ అయితే అందులో సీసం ఉండొచ్చు. అది పరీక్షించకుండా పొడిగా రుద్దవద్దు. ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం.

అపోహ: రిమూవర్ ఎంత ఘాటుగా ఉంటే అంత మంచిది.

నిమిషాల్లో పెయింట్ ఊడదీసే రిమూవర్లలో చాలాకాలం మిథిలీన్ క్లోరైడ్ ఉండేది. ఆ ఆవిరి గాలిలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది, పీల్చాక శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో, బాత్‌టబ్‌ల దగ్గర పనిచేస్తూ చనిపోయినవాళ్లున్నారు. అందుకే అమెరికాలో 2019లో మామూలు వినియోగదారులకు ఆ రిమూవర్లు అమ్మడం నిషేధించారు. డబ్బా మీద ఆ పేరుంటే పక్కన పెట్టేయండి. నెమ్మదిగా పనిచేసేది పూసి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పి, కొన్ని గంటలు వదిలేస్తే అదీ ఊడదీస్తుంది. లక్క పాలిష్‌కైతే రిమూవరే అక్కర్లేదు, స్పిరిట్ చాలు. ఏది వాడినా కిటికీలు తీసి, మంటకు దూరంగా.

అపోహ: గ్లాసు పెట్టిన మచ్చ పోవాలంటే రుద్దాలి.

మచ్చ రంగు చూడండి. తెల్లగా ఉంటే తేమ పాలిష్‌లోనే చిక్కుకుంది, చెక్కకు చేరలేదు. లక్క పాలిష్ మీదైతే స్పిరిట్ వాసన తగిలినంతగా తడిపిన మెత్తటి గుడ్డను ఆగకుండా ఒకటి రెండుసార్లు పైపైన పోనిస్తే చాలావరకు పోతుంది. గుడ్డ ఎక్కువ తడిసిందా, పాలిషే లేచిపోతుంది.

నల్లగా ఉంటే కథ వేరు. నీళ్లు చెక్కలోకి దిగి, ఇనుము, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం కలిసి సిరాలాంటి నలుపు పుట్టింది. మేకుల చుట్టూ, ఇనుప కుండీ పెట్టినచోట కనిపించేది ఇదే. ఎంత రుద్దినా లోపలికి ఉంటూనే ఉంటుంది. పాలిష్ తీసి, ఆక్సాలిక్ ఆమ్లం వేడినీళ్లలో కరిగించి ఆ తలం మొత్తానికి పూయాలి. మచ్చ మీద మాత్రమే పూస్తే ఆ ఒక్కచోటే చెక్క లేతగా తేలుతుంది. ఆరాక నీళ్లతో బాగా కడగాలి. అది విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. మిగిలిన పొడిని దులిపితే ముక్కులోకి పోతుంది, తడిగుడ్డతోనే తీయండి. బట్టల బ్లీచ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు.

సొట్టలకు కూడా రుద్దుడు అనవసరం. నార తెగకుండా అణిగిన సొట్ట మీద, పాలిష్ తీశాక, తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి పైకి లేస్తుంది.

అపోహ: నూనె పూస్తే చెక్కకు బలం, చెక్క నూనె తాగుతుంది.

చెక్క చచ్చిన పదార్థం, దానికి తిండి అక్కర్లేదు. నూనె పూస్తే రంగు ముదిరి అందంగా కనిపిస్తుంది, నిజమే. బలం మాత్రం రాదు. వంటనూనె అయితే అసలు ఆరదు, జిగటగా మిగిలి దుమ్ము పట్టి చివరికి కంపు కొడుతుంది. ఆరే నూనె కావాలంటే అవిసె నూనె. అందులోనూ పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. "బాయిల్డ్" అని అమ్మేదాన్ని పేరుకు తగ్గట్టు మరిగించరు, త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. స్ప్రే మెరుపులు కొన్నిట్లో సిలికాన్ ఉంటుంది. అది చెక్కలోకి దిగితే తర్వాత వేసే పాలిష్ చేపకళ్లలాంటి గుంటలు పడుతుంది. పాలిష్ వేస్తుంటే అలా గుంటలు కనిపిస్తే ఆపి, తుడిచేసి, మైనం తీసిన లక్క ఒక పొర అడ్డుగా వేసి అప్పుడు ముందుకు పోవాలి.

నూనె పూసిన గుడ్డ గురించి ఎవరూ చెప్పరు, అదే భయపడాల్సిన సంగతి. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది ఇలాగే. 22వ అంతస్తులో చెక్కపని చేసినవాళ్లు వదిలేసిన అవిసె నూనె గుడ్డల దగ్గర మంట పుట్టింది, 30వ అంతస్తులో మంట మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండబట్టి అక్కడ ఆగింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ భవనాన్ని మళ్లీ వాడలేదు, కూల్చేశారు. పని అయ్యాక గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటి విప్పి పరిచి, అట్టలా గట్టిపడేదాకా ఆరనివ్వండి. లేదా నీళ్లు నింపిన, మూత ఉన్న లోహపు డబ్బాలో వేయండి.

అపోహ: అతుకులు వదిలి కదులుతున్న కుర్చీకి నాలుగు మేకులు కొడితే గట్టిపడుతుంది.

నాలుగు నెలలు. తర్వాత మేకు చుట్టూ చెక్క చీలుతుంది. కాలును మెల్లగా ఊడదీసి, కుసి (బెజ్జంలో దూరే కొన) మీద, బెజ్జంలో ఉన్న పాత జిగురు గీకేసి, కొత్త జిగురు పెట్టి తాడుతో బిగించి రాత్రంతా వదిలేయండి. ఎముకలు, తోళ్ల నుంచి కాచిన పాతకాలపు జిగురైతే వేడినీళ్లకు మెత్తబడుతుంది. ఇదంతా పాలిష్‌కు ముందు చేయాలి. పాలిష్ పట్టిన చోట జిగురు పట్టదు, జిగురు కారినచోట స్టెయిన్ పట్టదు.

అపోహ: స్టెయిన్ వేస్తే ఏ చెక్కయినా రోజ్‌వుడ్ అవుతుంది.

రంగు వస్తుంది, గీతలు రావు. పైన్ లాంటి మెత్తటి చెక్క మచ్చలుమచ్చలుగా పీలుస్తుంది. స్టెయిన్ లేకుండా ఎలా ఉంటుందో చూడాలంటే రుద్దిన చెక్క మీద టర్పెంటైన్ గుడ్డ ఒకసారి పోనివ్వండి, ఆ తడి రంగే ఇంచుమించు రాబోయే రంగు. అది చూశాక చాలామంది స్టెయిన్ డబ్బా పక్కన పెట్టేస్తారు.

అపోహ: బాగా పాలిష్ వేస్తే వానాకాలంలో సొరుగులు పట్టేయవు.

ఏ పాలిష్ కూడా తేమను పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుందంతే. బల్ల పైభాగానికి ఎన్ని కోట్లు వేస్తే అడుగుకూ అన్ని వేస్తే వంపు తిరిగే అవకాశం తగ్గుతుంది. పట్టేసిన సొరుగును వానల్లోనే చిత్రిక పట్టకండి, ఎండాకాలంలో లొడలొడలాడుతుంది. అంచులకు కొవ్వొత్తి రుద్ది చూడండి.

తేమ ఎక్కువగా ఉన్న రోజున లక్క, ల్యాకర్ వేయనూ వద్దు. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు తలం చల్లబడి, గాలిలోని తేమ పట్టి పాలిష్ తెల్లగా పాలిపోతుంది.

అపోహ: పాతదాన్ని ముట్టుకుంటే విలువ పోతుంది.

మ్యూజియంలో పెట్టదగ్గ వస్తువుకు, తయారీదారు ముద్ర ఉన్న అరుదైన వస్తువుకు ఇది నిజం, వాటిని తెలిసినవాళ్లకు చూపించేదాకా తుడవను కూడా తుడవకండి. ఇంట్లో రోజూ కూర్చునే కుర్చీకి ఈ భయం అక్కర్లేదు. పాలిష్ ఊడి, అతుకులు వదిలి, అటక మీద పడి ఉన్నదానికి మిగిలిన విలువ ఏపాటిది?

అపోహ: చేతికి అంటకపోతే ఆరినట్టే.

అంటకపోవడం మొదటి మెట్టు. నూనె వార్నిష్, పాలీయురేథేన్ లోపలిదాకా గట్టిపడటానికి చాలావాటికి నెల దాకా పడుతుంది. తొందరపడి మందంగా ఒకే కోటు వేస్తే పైన చర్మంలా ఆరి, కింద పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. పల్చగా వేసి, ఆరనిచ్చి, 320 కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి మళ్లీ వేయండి. మూడు పల్చటి కోట్లు ఒక మందపు కోటు కన్నా ముందు ఆరతాయి. లక్కను స్పిరిట్‌లో కలిపి నెలల తరబడి నిల్వ ఉంచితే అది వేశాక ఎన్నాళ్లైనా జిగటగానే ఉండిపోవచ్చు. గాజుముక్క మీద ఒక చుక్క వేసి మర్నాటికి గట్టిపడిందో లేదో చూసుకున్నాకే వాడండి.

ఆరిందో లేదో ముక్కు చెబుతుంది. దగ్గరగా వాసన చూస్తే ద్రావకం వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. కనబడని చోట గోరు నొక్కి చూడండి, గుర్తు పడకూడదు. అప్పటిదాకా బరువులు, వేడి గిన్నెలు, గుడ్డలు ఏవీ పెట్టకండి. ప్లాస్టిక్ షీటు మాత్రం పూర్తిగా ఆరాక కూడా వేయొద్దు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు పాలిష్‌లోకి దిగి రెండింటినీ అతికించేస్తాయి. గాజు పలక వేయాలంటే మూలల్లో చిన్న ఫెల్ట్ ముక్కలు పెట్టి, కింద గాలి ఆడేలా వేయండి.