పాత పాటలో ఆ చిటపటలు ఎందుకు ఉంచారు?

చిరంజీవి చిన్నికీ, నీతోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మిసిసిపీ జాన్ హర్ట్ అనే అమెరికా రైతు గాయకుడి పాట విని నువ్వు అడిగావు కదా, "తాతయ్యా, పాట బాగుంది గానీ ఆ చిటపటలేమిటి? కంప్యూటర్‌లో ఒక్క బటన్ నొక్కితే పోతాయి కదా, ఎందుకు ఉంచారు?" అని. అమెరికాలో పాత జానపదాలు, నల్లజాతివారి బ్లూస్, పల్లెవాళ్ల కంట్రీ పాటలు మళ్లీ విడుదల చేసేవాళ్లు రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్న అది.

ఆ పాటని 1928లో ఓకే అనే కంపెనీ రికార్డు చేసింది. పది అంగుళాల నల్ల ప్లేటు, నిమిషానికి సుమారు 78 చుట్లు, వైపుకి మూడు నిమిషాల పాట. ప్లేటు చేసింది లక్కతో. మోదుగ, రేగు కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కే. అప్పట్లో ప్రపంచానికి కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్లేది, కాబట్టి మిసిసిపీ రైతు గొంతు దాచిన ఆ ప్లేటులో మన అడవుల సరుకు ఉండే ఉంటుంది. అందులో రాతిపొడి, మసి కలిపేవారు. రాతిపొడి వల్ల, పాట పలికించే ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి, పాట చెక్కి ఉన్న గాడికి సరిపోయేది. అందుకే పాటకో కొత్త ముల్లు మార్చాలి. చాలా ఇళ్లలో మార్చలేదు. అరిగిన ముల్లే మళ్లీ మళ్లీ వేస్తే అది గాడి గోడల్ని చెక్కేసింది. నువ్వు విన్న చప్పుడులో సగం అదే.

మరి తీసేయొచ్చు కదా అంటావు. అమ్మమ్మ చేటలో బియ్యం బాగుచేస్తుంటే చూశావుగా? రాళ్లు వేరుగా కనబడతాయి, ఒక్కొక్కటీ ఏరి పారేస్తుంది. పాటలో 'టప్' మన్న దెబ్బలు ఆ రాళ్లే. కంప్యూటర్ ఒక్కో దెబ్బని గుర్తుపట్టి, సెకనులో వెయ్యో వంతు ఖాళీని అటూ ఇటూ ఉన్న ధ్వనిని చూసి నింపేస్తుంది. పాటకేమీ కాదు. కానీ వెనక సన్నగా 'సు' మంటూ సాగేది ఉంది చూడు, అది తవుడు. ప్రతి గింజనీ అంటిపెట్టుకుని ఉంటుంది. 'స', 'ష' లాంటి హల్లులు, గోరు తీగకి తగిలిన చప్పుడు, ఫిడేలు కమాను గీరుడు అన్నీ ఆ 'సు' ఉన్న పై స్థాయిల్లోనే ఉంటాయి. మరపట్టేకొద్దీ బియ్యం మల్లెపూవంత తెల్లగా వస్తాయి, బలం మాత్రం తవుడుతో పోతుంది. అతిగా శుభ్రం చేసిన పాట ముక్కు మూసుకుని పాడినట్టు వినిపిస్తుంది. మా చిన్నతనంలో ఇంట్లో దంపుడు బియ్యమే తిన్నాం, తెల్లగా లేవని ఎవరూ కంచం తోసెయ్యలేదు.

ఇంకోటి. రైతు పంటంతా మరకి పంపడు, విత్తనానికని కొన్ని వడ్లు పొట్టుతోనే గాదెలో ఉంచుతాడు. పాట విషయంలోనూ అంతే. ప్లేటు నుంచి వచ్చిన ధ్వనిని ఏమీ ముట్టకుండా 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, అంటే ఏమీ కుదించని నిండు ఫైలుగా తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచాలి. రాళ్లు ఏరడమైనా, దంచడమైనా దాని నకలు మీదే. రేపు ఇంతకన్నా మంచి పనిముట్టు వస్తే ఆ విత్తనం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

నా మటుకు నేను చెప్పేదేమిటంటే, అసలు మేలంతా కంప్యూటర్ ముట్టకముందే జరిగిపోవాలి. ప్లేటుని డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల మెత్తని సబ్బుద్రవం కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే కడగాలి. అడ్డంగా రుద్దకూడదు, లేబుల్ తడవకూడదు, స్పిరిట్ అసలు తగలకూడదు. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది, ఇక ఆ పాట లేనట్టే.

తర్వాత ముల్లు. ఎల్పీ, అంటే తర్వాత వచ్చిన నెమ్మదిగా తిరిగే ప్లేటు, దాని ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతు కూడా ఉండదు. 78 ప్లేటు గాడి దానికి చాలా వెడల్పు, ముల్లు అడుగుకి జారి మురికిలో గీరుకుంటుంది. రెండున్నర, మూడు వేయో వంతుల మొనలు కావాలి, రకరకాలవి పక్కన పెట్టుకోవాలి. పాత ఉక్కు ముల్లు గాడి గోడని ఒక ఎత్తులోనే అరగదీసి ఉంటుంది. కాస్త లావు మొనో, కాస్త సన్నదో పెడితే అరగని చోట నడుస్తుంది, చప్పుడు దానంతటదే తగ్గుతుంది. ముల్లు కదలికని విద్యుత్తుగా మార్చే స్టీరియో కార్ట్రిడ్జ్‌తో రెండు గోడల్నీ విడివిడిగా రికార్డు చేస్తారు, ఒక గోడ బాగా దెబ్బతింటే రెండోదే వాడుకోవచ్చు. ఆ ప్లేట్లలో పాటంతా పక్కలకి ఊగే గాడిలో ఉంటుంది. పైకీ కిందకీ కదిలేది చప్పుడే. రెండు గోడల ధ్వనినీ కలిపి ఒకటి చేస్తే అది చాలావరకు కొట్టుకుపోతుంది.

నడిబొడ్డు రంధ్రం కొంచెం పక్కకు పోతే శ్రుతి ఊగుతుంది. వేగాన్నీ నమ్మకూడదు, పేరుకే 78. ఆరు శాతం తేడా వస్తే శ్రుతి అర స్వరం మారిపోతుంది.

ఇంత తంటా ఎందుకంటావా? కొన్ని పాటలకి ప్లేటు తప్ప ఇంకేమీ మిగల్లేదు. విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీ ఒకటి గ్రామఫోను పెట్టెలు అమ్ముకోవడానికని పారమౌంట్ పేరుతో ప్లేట్లు వేసింది. బ్లూస్ గాయకులు సన్ హౌస్ 1930లో, స్కిప్ జేమ్స్ 1931లో గ్రాఫ్టన్ ఊళ్లో దానికే పాడారు. 1932 తర్వాత రికార్డింగు ఆగిపోయింది, ప్లేట్లు ఒత్తే లోహపు అచ్చులు చాలావరకు పాత సామాను కింద పోయాయి. పైగా వాళ్ల ప్లేట్ల సరుకు నాసి. ఎవరింట్లోనో మిగిలిన ఆ అరిగిన ప్లేట్లే ఇప్పుడు మూలాలు. మరికొన్నింటికి రెండో ప్రపంచయుద్ధమొచ్చి పడింది. 1942లో లక్క కరువై, కొత్తవి చేయడానికి పాత ప్లేట్లు కరిగించారు.

జాన్ హర్ట్ సంగతి చెప్పకుండా ఎలా ఆపను! 1928 తర్వాత ఆయన మళ్లీ పొలానికి వెళ్లిపోయాడు. 1952లో హ్యారీ స్మిత్ పాత ప్లేట్ల నుంచి 84 పాటలు ఏరి ఫోక్‌వేస్ కంపెనీ ద్వారా ఎల్పీలుగా తెస్తే, అందులో హర్ట్‌వి రెండున్నాయి. హర్ట్ ఇంకో పాటలో ఎవలాన్ మా ఊరని పాడాడు. అరిగిన ప్లేటులోంచి ఆ మాట విని, ఆ ఊరు వెతుక్కుంటూ 1963లో టామ్ హాస్కిన్స్ అనే సేకర్త వెళ్లాడు. హర్ట్ అక్కడే ఉన్నాడు! అదే ఏడాది న్యూపోర్ట్ జానపద సంగీత పండుగలో వేలమంది ముందు కూర్చుని వాయించాడు.

ఈ సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో అటక మీద వెతుకు. ఆ కాలపు తెలుగు ప్లేట్లూ ఇలా లక్కతో చేసినవే. దొరికితే అంచులు పట్టుకుని తియ్యి, పడుకోబెట్టి పేర్చకుండా నిటారుగా నిలబెట్టు, ఎండ తగలనియ్యకు, పాట వేసి చూడకు. టార్చి ఏటవాలుగా పట్టి లేబుల్ చుట్టూ గాడిలేని నున్నటి భాగం చూడు, సన్నగా అక్షరాలూ అంకెలూ చెక్కి ఉంటాయి. లేబుల్ చిరిగినా అది ఏ రికార్డింగో వాటిని బట్టే పోల్చుకుంటారు. ఒక్కటీ వదలకుండా రాసుకుని నాకు పంపు.

మీ తాతయ్య