తోడుకోని పాలు

చిరంజీవులు లాస్యకు, బన్నీకి తాత ఆశీస్సులు.

తిరుపతిలో నాలుగు రోజులుగా ఒకటే వాన. కపిలతీర్థం జలపాతం హోరు మన వీధి దాకా వినిపిస్తోందని మీ అవ్వ అంటోంది. అది పక్కింటి మోటారు చప్పుడని నా అనుమానం. పైకి అనలేదు.

లాస్యా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "గొంతునొప్పికి యాంటీబయాటిక్ వేసుకున్నన్ని రోజులు చిన్నమ్మ లేచి తిరిగింది, పొంగణాలు కూడా పోసింది. మాత్రలు అయిపోయాక మళ్ళీ మంచానికే అంటుకుపోయింది. ఆ మాత్రలే రోజూ వేసుకోవచ్చు కదా తాతా?" అని అడిగావు. చిన్నమ్మకున్నది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఎంత పడుకున్నా వదలని దీర్ఘకాలపు అలసట జబ్బు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినవాణ్ణి మనుషుల జబ్బు గురించి అడిగితే ఏం చెప్తాను? నాకు తెలిసిన ఎనుము దగ్గరే మొదలుపెడతాను.

నాకు నీ వయసున్నప్పుడు మా ఊళ్ళో, చిత్తూరు పక్కన, మాకొక ఎనుము ఉండేది. ఒకసారి దానికి పొదుగువాపు వచ్చింది. కాంపౌండరు సైకిలు మీద వచ్చి, చన్నులోకి సన్నటి ట్యూబుతో మందు ఎక్కించి, "మూడు రోజులు ఈ పాలు వాడొద్దు" అని చెప్పి పోయాడు. మా జేజికి పాలు పారబోయాలంటే ప్రాణం మీదికొచ్చేది. ఆ రాత్రి కాచి, గోరువెచ్చగా చల్లార్చి, మజ్జిగచుక్క వేసి ఉట్టి మీద పెట్టేసింది. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. మా అమ్మ చెయ్యి మంచిది కాదంది. మర్నాడు ఎదురింటి నుంచి తోడు తెచ్చి వేసింది. అదీ తోడుకోలేదు. ఎదురింటి వాళ్ళ దిష్టి అంది! పొదుగులో పోసిన మందు పాలలోకి దిగి, తోడులోని సూక్ష్మజీవుల్ని కూడా చంపేసిందని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

యాంటీబయాటిక్ అంటే అదీ. బ్యాక్టీరియాను చంపుతుంది, లేదా పెరగనివ్వదు. అది పొదుగును వాపెక్కించిన బ్యాక్టీరియానా, పాలను పెరుగు చేసే బ్యాక్టీరియానా అని చూడదు. వైరస్‌నైతే ఏమీ చెయ్యలేదు.

మన పేగు కూడా ఒక పెరుగుకుండ అనుకో. అందులో కోట్లకు కోట్లు సూక్ష్మజీవులు. మనం తిన్న పీచు మనకు అరగకపోయినా వాటికి అరుగుతుంది. చిన్నమ్మ జబ్బు ఉన్నవాళ్ళ కుండలో కొన్ని మంచి రకాలు తక్కువగా ఉన్నాయని 2023లో అమెరికాలో పరిశోధకులు గమనించారు. ఆ కుండలో రోజూ మందు పోస్తే ఉన్న తోడు కూడా పోతుంది కదా? అయితే ఆ తోడు తగ్గడం వల్ల జబ్బు వచ్చిందో, జబ్బు వల్ల తోడు తగ్గిందో కుండను చూస్తే తెలియదు. మా జేజిలాగా ఎదురింటి వాళ్ళను అనేసి ఊరుకోలేం.

చిన్నమ్మ జబ్బుకు ఆ పేరు 1988లో అమెరికా వాళ్ళు పెట్టారు. 'అలసట' అనే మాట చాలా చిన్నది, నాకు నచ్చదు. చాలామందికి ఏదో ఒక జ్వరం తర్వాత మొదలవుతుంది. చిన్నమ్మకూ అంతే. అలిపిరి మెట్లు మూడువేల అయిదువందల పైచిలుకు ఏడాదికి రెండుసార్లు ఎక్కే పిల్ల, ఇప్పుడు మిద్దె మెట్లు సగం ఎక్కి కూర్చుంటుంది. నిద్రపోయి లేచినా నిద్రపోయినట్టు ఉండదు. అన్నిటికంటే వింత ఏమిటంటే, ఈరోజు కాస్త ఎక్కువ పని చేస్తే దెబ్బ ఈరోజే కనబడదు. రేపో ఎల్లుండో పడేస్తుంది. ఒక డాక్టరు "ఏం లేదమ్మా, అంతా టెన్షన్, పొద్దున్నే వాకింగ్ చెయ్యి" అన్నాడు. చేసింది. తర్వాత వారం లేవలేదు. ఈ జబ్బుకు వ్యాయామం పెంచుకుంటూ పోయే వైద్యం వద్దని ఇంగ్లండులో 2021లో సూచనలే మార్చి రాశారు. ఆ సంగతి ఆయన దాకా రాలేదేమో.

మరి మాత్రలు వేసుకున్నప్పుడు లేచి ఎందుకు తిరిగింది? గొంతులో బ్యాక్టీరియా ఉండి ఉంటే అది పోయి, ఆ మేరకు బరువు దిగి ఉండొచ్చు. ఉన్న జబ్బు మీద ఇంకో జబ్బు రెండింతలు బరువు కదా. ఇంకోటుంది. చిన్నమ్మ వేసుకున్న అజిత్రోమైసిన్ లాంటి మందులు బ్యాక్టీరియా మీదే కాదు, ఒంట్లో వాపు మీద, రోగనిరోధక శక్తి మీద కూడా పని చేస్తాయి. అదీ కాకపోతే ఆ వారం జబ్బే కొంచెం దయ తలచి ఉండొచ్చు. ఈ జబ్బుకు మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉంటాయి.

నీకు వచ్చిన ఆలోచన డాక్టర్లకూ వచ్చింది. 2006లో నెదర్లాండ్స్‌లో 99 మంది రోగులకు అజిత్రోమైసిన్ ఇచ్చిన లెక్కలు తీసి చూస్తే, 58 మంది కొంచెం నయమన్నారు. వినడానికి బాగుంది. కానీ పోల్చి చూడటానికి పక్కన మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపు లేదు. మందు వేసుకున్నామన్న ధైర్యమే మనిషిని లేపుతుంది. నా తలనొప్పి మాత్ర నోట్లో వేసుకోగానే తగ్గుతుందని మీ అవ్వ నవ్వుతుంది కదా.

తర్వాత అదే దేశంలో 2007 నుంచి 2010 దాకా మేకల నుంచి మనుషులకు క్యూ ఫీవర్ పాకింది. దాన్ని తెచ్చేది బ్యాక్టీరియానే. జ్వరం తగ్గాక కూడా కొందరికి చిన్నమ్మలాంటి నీరసం నెలల తరబడి వదల్లేదు. వాళ్ళలో కొందరికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, కొందరికి ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో చెప్పలేదు. చివర్లో చూస్తే రెండు గుంపులకూ తేడా లేదు. నీ ప్రశ్నకు దీనికంటే సూటిగా జవాబు చెప్పేదాన్ని నేను చదవలేదు.

ఇప్పుడు ఒక వింత చెప్తాను. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా గురించి నువ్వు బళ్ళో చదివావు కదా? కోట్ల ఏళ్ళ కిందట అవి విడిగా బతికిన బ్యాక్టీరియాలేనట! ఇంకో కణంలోకి అతిథిలా వచ్చి ఉండిపోయాయట. అందుకే డాక్సీసైక్లిన్ లాంటివి ప్రయోగశాలలో పెంచిన కణాల్లో మైటోకాండ్రియా పనిని కూడా మందగింపజేస్తాయి. అంటే ఒంట్లో శక్తి పుట్టించేది కూడా పాత తోడే. మా జేజికి ఈ మాట చెప్పి ఉంటే ఏమనేదో! దీని గురించి ఇంకా రాయాలని ఉంది గానీ, ఇక్కడి నుంచి నా కాంపౌండరు చదువు చాలదు.

కాబట్టి బన్నీ, మందుల షాపుకెళ్ళి "మొన్నటి స్ట్రిప్ ఇంకొకటి ఇవ్వండి" అని చిన్నమ్మకు తెచ్చిపెట్టకు. నువ్వు మంచి మనసుతోనే తెస్తావు, తెలుసు. షాపులో కొనుక్కుని చాలీచాలని మోతాదులో వాడితే బ్యాక్టీరియా మందుకు లొంగకుండా మొండికేస్తుందని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. చిన్నమ్మకు నిజంగా ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టరు రాస్తాడు, అప్పుడు వేసుకుంటుంది.

ఆదివారం ఇక్కడికి వచ్చినప్పుడు చిన్నమ్మను "ఎలా ఉన్నావు" అని అడగొద్దు. బాగున్నానంటుంది. ఎన్నో మెట్టు మీద కూర్చుందో చూడండి. ఆ రోజు మీతో ఎంతసేపు మాట్లాడిందో గుర్తు పెట్టుకోండి. మంగళవారం ఫోన్ చేసి అవ్వను అడగండి, లేచిందా అని.

ఈ రాత్రికి మీ అమ్మను అడిగి ఒక చిన్న గిన్నెలో పాలు తోడు పెట్టండి. ఈ చలికి ఆలస్యమవుతుంది, గుడ్డ చుట్టి పొయ్యి పక్కన ఉంచండి. గంటకోసారి మూత తీసి చూడండి గానీ కదపొద్దు. ఎన్ని గంటలకు గట్టిపడిందో నాకు రాయండి.

మీ తాత